ఎంగిలి దారం

కాటుక దారం ఎర్రబడింది. దాని పక్కనున్న ఉంగరాల కొమ్ములదానిదీ ఎర్రబడింది. ఆ వరస చివర, మొన్ననే తొలిచూలు ఈనినదానిదీ ఎర్రబడింది.

ఇందుమతి దారాలను ఒక్కొక్కటే పట్టకారుతో రంగునీళ్లలోంచి తీసి, తెల్లటి పింగాణీ పళ్లెంలో పరిచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. సందేహం లేదు. పసుపులో సున్నం కలిస్తే తిరిగే రంగు, పారాణి రంగు. కిటికీ అవతల కొట్టంలో కాటుక అనే ఆ గేదె కళ్లు సగం మూసి నెమరు వేసుకుంటోంది. మూతి మీద వాలిన ఈగను తోలుకోవడానికి కూడా దానికి తొందర లేదు.

“దీనికి దిగులేంటండీ మేడంగారూ,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ అంకమ్మరావు. గేదెల్ని చూసుకునే మనిషి అతను. “దిగులుంటే తిండి సయించదు గదా. ఇది పక్కదాని మేత గూడా లాక్కుని తింటంది. దిష్టండీ ఇది. నల్లతాడు కట్టమంటారా?”

“ఇప్పటికే కట్టావుగా.”

“అది పాతబడిపోయిందండీ.”

ఇందుమతికి నవ్వు రావాల్సిన చోటే, రాలేదు. ఈమధ్య ఆమెకు ఆకలి, నిద్ర, నవ్వు అన్నీ ఆలస్యంగానే అందుతున్నాయి. ఏదీ వేళకు రావడం లేదు.

కృష్ణ కాలువ ఒడ్డున ఉన్న ఆ గేదెల పరిశోధన కేంద్రంలో ఆమె చేరి చాలా ఏళ్లయింది. అందులో సగం ఈ దారానికే ఖర్చయింది. పశువుకు బాధ కలిగితే దాని చొంగలో కొన్ని ప్రోటీన్లు పెరుగుతాయన్నది కొత్త సంగతి కాదు. ఇందుమతి కనిపెట్టింది వాటిల్లో ఒక మొండిదాన్ని. కుక్క మొరిగినందుకో, సూది పొడిచినందుకో పుట్టే బెదురుకు అది కదలదు. బాధ రోజూ ఉండి, తప్పించుకునే దారి లేక, జీవి దానికి అలవాటు పడిపోయి, పైకి మామూలుగా తిరుగుతున్నప్పుడే అది నోట్లో ఊరుతుంది. ఒక ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టిన నూలు దారాన్ని గేదె కాసేపు నమిలితే ఆ ప్రోటీన్ దారానికి పట్టుకుంటుంది. తరవాత రంగునీళ్లలో ముంచాలి. పసుపు దారం పసుపుగానే ఉంటే మంచిది. ఎర్రబడితే లోపల ఏదో ఉంది.

ఇదంతా ఒకనాడు ఇంట్లో అన్నం తింటూ చెబుతుంటే, మాగాయకు ముక్కలు తరుగుతున్న హైమవతి తల ఎత్తకుండానే, “అంటే నిలవ దిగులన్నమాట,” అంది.

హైమవతి ఇందుమతి భర్త శేషగిరికి అక్క. ఆ మాట ఇందుమతికి ఎంత నచ్చిందంటే మర్నాడే కేంద్రంలో వాడింది. వ్యాసాల్లో ఆ ప్రోటీన్‌కు నోరు తిరగని పేరుంది గాని, కొట్టంలోనూ ల్యాబులోనూ అందరూ ‘నిలవ’ అనే అంటారు. ఫలానా గేదెలో నిలవ ఉంది, ఫలానా దాంట్లో తగ్గింది, అని.

దారం మొదట పట్టుకున్నది కాటుకనే. పోయిన వేసవిలో దాని దారం ఎర్రబడితే ఇందుమతి దాని చుట్టూ తిరిగింది. మేత చూసింది. పక్కన కట్టే గేదెను మార్పించింది. చివరికి, అది నీళ్లతొట్టి దాకా వెళ్లి, మూతి ఆనించకుండా వెనక్కి రావడం కంటపడింది. తడి చేత్తో తొట్టి అంచు పట్టుకుంటే వేళ్ల కొసల్లో సన్నగా జివ్వుమంది. మోటారు వైరు ఒరుసుకుపోయి తొట్టి ఇనుప చట్రంలోకి కరెంటు దిగుతోంది. ప్రాణం తీసేంత కాదు. అరిపించేంత కూడా కాదు. కాటుక ఒక్కనాడూ అరవలేదు, తన్నలేదు. దాహం తగ్గించుకుంది, అంతే. వైరు మార్చాక దాని దారం మెల్లమెల్లగా పసుపుకు తిరిగింది. ఆ సాయంత్రం ఇందుమతి ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఈ కబురు చెబితే, హైమవతి కుక్కరు మూత బిగిస్తూ, “పాపం, చెప్పుకోలేకపోయింది,” అంది.

డైరెక్టరుగారికి మాత్రం ఈ వెతుకులాట నచ్చలేదు. ఆయన చెడ్డవాడేం కాదు, పైనుంచి అడిగేవాళ్లకు జవాబు చెప్పుకోవలసినవాడు. ఎర్రబడినదాన్ని మందలోంచి తీసేస్తే పని అయిపోతుంది కదా, కారణం కోసం ఒక్కో గేదె చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ కూర్చుంటే పాడి ఎప్పుడు చేస్తామన్నారు. అప్పటినుంచి దారం ఎర్రబడిన గేదెను ఆవలి కొసనున్న రేకుల కొట్టంలోకి మారుస్తున్నారు. దానికి విశ్రాంతి కొట్టం అని పేరు పెట్టారు. అక్కడినుంచి ఏ గేదే వెనక్కి రావడం ఎవరూ చూడలేదు. లారీ వస్తుంది. ఆ లారీ ఎక్కడికి పోతుందో అంకమ్మరావు చెప్పడు, ఇందుమతి అడగదు.

ఒకసారి టీ తాగుతూ డైరెక్టరుగారు ఆ దారాన్ని వేలికి చుట్టుకుని, ఇది స్టాఫుకు కూడా పనిచేసేలా చెయ్యండమ్మా, ఎవరిని ఉంచుకోవాలో ఎవరిని పంపెయ్యాలో తేలిపోతుంది అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు వరస మొత్తం ఎర్రబడింది. లారీ రేపే. నాకు ఒక్క రోజు ఇవ్వండి, కారణం పట్టుకుంటాను అని ఇందుమతి పొద్దున ఫోనులో అడిగింది. రేపు లారీ వచ్చేలోపు చెప్పండి, లేకపోతే కాటుకతో సహా ఎక్కించెయ్యడమే అని ఆయన పెట్టేశారు.

ఆమె కొట్టమంతా తిరిగింది. తొట్టి తడిమింది. మేత వాసన చూసింది. రాత్రుళ్లు టపాకాయలు పేలుతున్నాయా, కొత్త కుక్క గాని కొత్త మనిషి గాని తిరుగుతున్నారా అని అడిగింది. అంకమ్మరావు దిష్టి తప్ప ఇంకేమీ ఒప్పుకోలేదు. తిరిగి తిరిగి వచ్చి పళ్లెం ముందు కూలబడి, ఆ దారాలనే చూస్తూ ఉండిపోయింది.

చూడగా చూడగా ఒక సంగతి తట్టింది. ప్రతి దారానికీ ఒక కొసన ముడి ఉంటుంది. ఆ ముడిని గుంజకున్న కొక్కేనికి తగిలిస్తారు. గేదె రెండో కొసను నములుతుంది. ముడి దాని నోటికి అందదు. కాని ఎరుపంతా ముడి దగ్గరే చిక్కగా ఉంది. అక్కడినుంచి కిందికి పలచబడుతూ వెళ్లింది. గేదె నమిలిన కొసన మామూలు పసుపే.

ఇందుమతి లేచి అలమారలోంచి స్టీలు డబ్బా తీసింది. అందులో ఇంకా ఏ గేదే ముట్టని దారాలు కట్టలుగా ఉన్నాయి. ఒక కట్ట విప్పి నాలుగు దారాలు రంగునీళ్లలో వేసింది. వేసి, అటు తిరిగి చేతులు కడుక్కుంది. తిరిగి చూసేసరికి నాలుగు ముడులూ ఎర్రగా ఉన్నాయి.

గేదెలకు ఏమీ లేదు. దారం కొట్టానికి రాకముందే ఎవరి నోట్లోకో వెళ్లి వచ్చింది.

ఆ దారాలు తయారైంది ఇంట్లో. కేంద్రంలో దారాలు కోసి ముడివేసే అమ్మాయి శ్రావణ మాసంలో పెళ్లయి వెళ్లిపోతే, ఇంకొకరిని ఇవ్వలేదు. ఇందుమతి రీళ్లను ఇంటికి మోసుకెళ్లి తనే కూర్చుంది. రెండో రోజు హైమవతి ఆ రీలు చేతిలోంచి లాక్కుని, నీ మొహం చూసుకున్నావా అద్దంలో, పోయి పడుకో, దారం పని నాకు కొత్తా అంది. నిజమే, కొత్త కాదు. రేపల్లెలో ఉండగా హైమవతి జాకెట్లు కుట్టేది. ఆవిడ చేతి జాకెట్టు వేసుకుంటే భుజం జారదని పక్క ఊళ్లనుంచి కూడా వచ్చేవారు. ఇందుమతికి పాప పుట్టినప్పుడు సాయానికి వచ్చింది. పాపకు నడక వచ్చేదాకా అనుకున్నారు. తరవాత బడికి వెళ్లేదాకా అనుకున్నారు. ఆ తరవాత ఎవరూ ఏమీ అనుకోలేదు. కుట్టుమిషను అటక మీదికి ఎక్కింది. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే హైమవతి, “నాకేం, బాగానే ఉన్నాను,” అంటుంది. వినేవాళ్లకు అది ఎంత అలవాటైపోయిందంటే ఇప్పుడెవరూ అడగడం కూడా లేదు.

ఇందుమతి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చింది. ఆ వేళప్పుడు ఆమె ఇల్లు ఎలా ఉంటుందో చూసి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

హైమవతి హాల్లో గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో శుభ్రంగా ఉతికిన తువ్వాలు, దాని మీద రీలు. దారం లాగి, వేలికి చుట్టి, ముడి వేసి, ముడి దగ్గరికి నోరు తీసుకెళ్లి పుటుక్కున కొరికింది. మళ్లీ లాగింది. చేతులు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. ఆవిడ ఎదురుగోడ వైపు చూస్తోంది. ఆ గోడ మీద ఏమీ లేదు.

“అదేమిటి, ఇప్పుడే వచ్చేశావు? ఒంట్లో బాగా లేదా?” అంది ఉలిక్కిపడి.

“కత్తెర లేదా వదినా?”

“వంటింటి కత్తెర తగలనివ్వద్దన్నావుగా, నూనె జిడ్డుంటుందని. ల్యాబు కత్తెర తెచ్చిస్తానన్నావు.”

అంది. తెస్తానంది తను. మర్చిపోయింది. ఎన్నిసార్లు మర్చిపోయిందో కూడా మర్చిపోయింది.

“మరి నోటితో కొరికితే ఎంగిలి కాదూ?”

ఎంగిలి విషయంలో ఆ ఇంట్లో హైమవతిది అందరికంటే పెద్ద పట్టింపు. గ్లాసు ఎత్తి పోసుకుని తాగమంటుంది. రుచి చూసిన గరిటె మళ్లీ గిన్నెలో పెడితే గిన్నెడు కూరా పక్కన పెట్టేస్తుంది. దేవుడికి కట్టే దండ దగ్గర దారం తెంపాల్సి వస్తే కత్తిపీట దాకా లేచి వెళ్లి కోసుకొస్తుంది.

“ఇదేమన్నా దేవుడి మెళ్లో వేసే దండా?” అంది హైమవతి, పిల్లకు చెప్పినట్టు. “గేదె నోట్లోకి పోయేదేగా. నా ఎంగిలని అది నిన్నడిగిందా? అయినా నోరు పుక్కిలించే కూచుంటున్నాలే. ఏం, పాడైపోయాయా?”

ఇందుమతి ఏమీ లేదంది. మొహం కడుక్కుంటానని లోపలికి వెళ్లి, కుళాయి తిప్పి, నీళ్లు అలా పోనిచ్చింది. ఆ ప్రోటీన్ గేదెలోనూ మనిషిలోనూ ఒకటేనని ఆమెకు తెలుసు. కాగితం మీద తెలుసు. ఈ ఇంటికి దాన్ని ఎప్పుడూ అన్వయించుకోలేదు. పైగా ఆ దిగులుకు నిలవ అని పేరు పెట్టింది ఆవిడే. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట ఆవిడకు అంత చప్పున. మాగాయ ముక్కలనుంచి వచ్చిందనుకుంది తను.

ఇంకొకటి కూడా లెక్కకు వచ్చింది. శ్రావణం తరవాత, పాత దారాల్లో ఇంటివి ఒకటీ అరా కలిసి ఉన్నప్పుడు, లారీ ఎక్కినవి. వాటి దారాలను ముడి దగ్గర ఎవరూ చూడలేదు. ఎర్రబడిందా లేదా అని చూశారు, ఎక్కించారు. ఆ గేదెల్లో ఏ బాధా లేకపోయి ఉండవచ్చు. ఇక్కడి బాధను మోసుకుని అవి అటు వెళ్లిపోయాయి.

సాయంత్రం శేషగిరి కాలేజీనుంచి రాగానే, వంటింట్లో కుక్కరు కూతల చాటున, అతనికి చెప్పింది. అతను అక్కంటే ప్రాణం పెడతాడు. నిజంగానే కంగారు పడ్డాడు. బీపీ చూపిద్దామన్నాడు. విటమిన్లు తక్కువేమో అన్నాడు. కాసేపు ఆలోచించి, కాకినాడలో తమ్ముడింటికి ఒక నెల పంపిద్దాం, ఆవిడకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది అన్నాడు.

ఆ మాట వినగానే ఇందుమతికి రేకుల కొట్టం కళ్ల ముందు కదిలింది. ఆ కొట్టానికి దారి చూపించిన దారం తనదే.

మర్నాడు పొద్దున లారీ ముందే వచ్చి గేటు దగ్గర ఆగింది. డైరెక్టరుగారు కాటుక వరస ఎదురుగా నిలబడి ఉన్నారు. అంకమ్మరావు దూరంగా తొట్టి కడుగుతూ ఇటే చూస్తున్నాడు. అతని చేతులు ఒకేచోట తిరుగుతున్నాయి.

“దొరికిందా?” అన్నారు డైరెక్టరుగారు.

నిజం చెబితే ఒక్క వాక్యం. అది మనిషి నోటి తడి, గేదెలకు ఏమీ లేదు, దారం అబద్ధం చెప్పలేదు. ఆ వాక్యంతో కాటుక బతుకుతుంది, ఇన్నేళ్ల పనీ బతుకుతుంది. మనుషుల మీద కూడా పనిచేస్తుందని రుజువైన దారం దేశంలో ఇదొక్కటే అవుతుంది. ఎల్లుండికల్లా అంకమ్మరావు నోట్లో ఒక దారం పెడతారు. పాలు పితికే వాళ్ల నోట్లో పెడతారు. ఆ దారం నిజమే చెబుతుంది. ఎర్రబడినవాళ్లకు ఎక్కడ షాకు తగులుతోందో వెతకడానికి ఎవరికీ తీరిక ఉండదు.

“దొరికిందండీ,” అంది ఇందుమతి. “తేమ. దారాలు నేను ఇంట్లో పెట్టాను. వానలకు తేమ తగిలి రంగు మారిపోతోంది. గేదెల్లో ఏ లోపమూ లేదు.”

ఆయన అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది. అరవలేదు.

“తేమకు రంగు మారేదాన్ని పట్టుకునా అమ్మా నేను ఇన్నాళ్లూ గేదెల్ని అమ్మించాను?”

లారీ ఖాళీగా వెనక్కి వెళ్లింది. మధ్యాహ్నానికి కబురు వచ్చింది. దారం పని ఆపెయ్యాలి, ల్యాబు గది మేత విభాగానికి ఇచ్చెయ్యాలి. ఇందుమతి దారాల డబ్బా, మిగిలిన రంగునీళ్ల సీసా సంచిలో వేసుకుంది. గేటు దగ్గర అంకమ్మరావు ఎదురొచ్చి, గొప్పగా, “నల్లతాడు మార్చానండీ రాత్రి,” అన్నాడు. “చూశారా మరి, ఎట్టా పని చేసిందో.”

ఈసారి ఇందుమతి నవ్వింది.

ఇంటికి వచ్చి, కొట్టంలో తిరిగినట్టు, ఆ ఇంట్లో ఒకసారి తిరిగింది. పాప హాస్టలుకు వెళ్లినప్పటినుంచీ దాని గది తలుపు వేసే ఉంది. మంచం మీద దుమ్ము పడకుండా దుప్పటి కప్పి ఉంది. హాల్లో టీవీ వెనక హైమవతి మడతమంచం గోడకు ఆనించి ఉంది. అందరూ టీవీ చూసి లేచాకే అది తెరుచుకుంటుంది, అందరూ లేవకముందే మడతపడుతుంది. దాన్ని దాటుకుంటూ ఇందుమతి ఇన్నేళ్లూ ల్యాబుకు వెళ్లింది.

వంటింట్లో హైమవతి లేదు. పెరటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఇందుమతి స్టవ్ వెలిగించి, కాఫీ కలిపి, రెండు గ్లాసులు తెచ్చింది. గ్లాసు అందుకుంటూ హైమవతి అనుమానంగా చూసింది. ఒకరు కలిపిన కాఫీ తాగడం ఆవిడకు అలవాటు తప్పింది.

“శేషు అంతా చెప్పాడు పొద్దున,” అంది. “నా మూలంగా నీ పని పాడైందిటగా.”

“నీ మూలంగా కాదు వదినా. కత్తెర తేలేదు నేను.”

హైమవతి కాఫీ చల్లారబెట్టుకుంటూ కూర్చుంది. పోయిన వేసవిలో ఆ గేదెకు షాకు తగిలింది ఎక్కడన్నావు అని అడిగింది. నీళ్లతొట్టి దగ్గర అని ఇందుమతి చెప్పింది. దానికి తెలుసా అక్కడే అని? తెలుసు, అందుకే వెళ్లడం మానేసింది. మరి ఎక్కడ తాగేది? ఎక్కడా తాగేది కాదు, తగ్గించుకుంది.

“ఊఁ,” అంది హైమవతి.

“నీకెక్కడ వదినా?”

అడిగేసింది గాని, ఆ ప్రశ్న తన చెవికే కొత్తగా వినిపించింది. హైమవతి వెంటనే, నాకేం, అని మొదలుపెట్టింది. మిగతా రెండు మాటలు రాలేదు. గ్లాసు అంచును వేలితో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

“ఇన్నాళ్ల తరవాత ఒక్కసారిగా అడిగితే ఏం చెప్పను?” అంది చివరికి. “వెతుక్కోవాలి. నాకూ తెలియాలిగా.” గ్లాసు కింద పెట్టింది. “ఒక్కటి మాత్రం చెప్పు వాడికి. కాకినాడ పంపించద్దని. అక్కడున్నదీ వంటిల్లేగా.”

“పంపించను,” అంది ఇందుమతి. “రేపు ఆదివారం. అటక మీదినుంచి మిషను దింపుదాం. పాప గదిలో కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది.”

హైమవతి చూపు ఇందుమతి చీర కుచ్చిళ్ల మీద ఉంది. అక్కడ ఫాల్ ఊడి వేలాడుతోంది. ఎన్నాళ్లనుంచి అలా తిరుగుతున్నావు, ఉద్యోగం చేసేదానివి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అని గొణుక్కుంటూ లేచి సూదీ దారం తెచ్చుకుంది. ఇందుమతి కాళ్ల దగ్గరే కూర్చుని, చీర కట్టు మీదే, పైకి కనపడని కుట్టు వేసుకుంటూ పోయింది. ఒంగిన ఆ మెడ మీద ఎముకలు లెక్కపెట్టేలా తేలి ఉన్నాయి. గేదెలకు డొక్కలు తేలితే ఇందుమతి చప్పున పట్టేస్తుంది.

కుట్టు అయిపోయింది. హైమవతి ముడి వేసి, అలవాటుగా నోరు దగ్గరికి తీసుకెళ్లి, పంటి కింద పెట్టబోయి ఆగింది. అలాగే ఒంగి, తల కొంచెం పైకెత్తి చూసింది.

“ఇది మామూలు దారమేగా?”

“మామూలు దారమే వదినా.”

అప్పుడు కొరికింది.